చూపున్నట్టు ఒకటి, లేనట్టు ఒకటి

సినిమా కంపెనీలో నా ఉద్యోగం అనుమతులు తేవడం. కోటలో షూటింగుకి అనుమతి, నడిరోడ్డు మీద వాన కురిపించడానికి అనుమతి, ఏనుగుని లారీ ఎక్కించడానికి ఒకటి, దించడానికి ఇంకొకటి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడాలో నాకు బాగా తెలుసు. కాని ఒకే మనిషికి చూపు ఉందని ఒక కాగితం, లేదని ఒక కాగితం తేవలసిన అవసరం మాత్రం 'చూడని సుబేదారు' సినిమాకే వచ్చింది.

కథ చాలా సరదాగా ఉంటుంది. యుద్ధంలో చూపు పోయిన ఒక సుబేదారు సొంత ఊరికి తిరిగొస్తాడు. ఊళ్ళో ఇసుక దొంగలు, ఈయనకేం కనపడుతుందిలే అని, ఆయన ఇంటి ముందే లారీలు నింపుకుంటూ ఉంటారు. సుబేదారు చప్పుడుని బట్టి అంతా గ్రహించి, తాతగారి కత్తి తీసి అందరినీ చావగొడతాడు. దెబ్బలు తిన్నవాళ్ళు చూపులేని మనిషి కొట్టాడని స్టేషన్లో చెప్పుకోలేక, మెట్ల మీంచి పడ్డామని రాసిస్తారు. ఆ ఊళ్ళో మెట్లున్న ఇల్లు ఒక్కటే.

హీరోకి కత్తిసాము నేర్పడానికి మా డైరెక్టరు శశిధర్ విజయనగరం పక్క పల్లె నుంచి ఒక గురువుని వెతికి పట్టుకొచ్చాడు. ఆయన పేరు పతివాడ గవరయ్య. మిలటరీలో హవల్దారుగా చేశాడు. పాతికేళ్ళ కింద సరిహద్దు కొండల మీద ఒక గుండు పక్కనే పేలి రెండు కళ్ళూ పోయాయి. ఇంటికొచ్చాక ఏడాది పాటు మంచం దిగలేదట. తరవాత ఒకరోజు తాత దగ్గర చిన్నప్పుడు నేర్చిన సాము గుర్తొచ్చి, పెరట్లోకి నడిచి కత్తి తీశాడు. అప్పటి నుంచి గాలి చప్పుడు, కాలి చప్పుడు, ఎదుటివాడి ఊపిరి, వీటితోనే సాము చేస్తున్నాడు. సాము నేర్పే ఊరి తాలింఖానాలో ఒకప్పుడు నలభై మంది శిష్యులుండేవారు. మేము వెళ్ళేనాటికి నలుగురు మిగిలారు. మిగతావాళ్ళు జిమ్ముకెళ్ళిపోయారు.

మాకు చూపించడానికి ఒక శిష్యుణ్ణి నేల మీద పడుకోబెట్టి, వాడి పొట్ట మీద దోసకాయ పెట్టి, ఒక్క వేటుకి రెండు చెక్కలు చేశాడు. శిష్యుడి చొక్కా మీద గాటు లేదు. అప్పుడు మా హీరో ముఖం పాలిపోవడం అందరం గమనించాం, గవరయ్య గారితో సహా. ఊపిరి మారింది కదా అన్నాడాయన.

ఇంతలో మండలి వచ్చింది.

అంతకు ముందు సంవత్సరం ఇంకెవరిదో సినిమా ప్రారంభోత్సవంలో, రెండు కళ్ళూ చక్కగా ఉన్న ఒక హీరో ఉత్సాహంగా కత్తి తిప్పితే, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఎడమ మీసం ఊడిపోయింది. కుడి మీసం ఆయన తానే తీయించుకోవలసి వచ్చింది. ఆ రెండు మీసాల ఫలితంగా పోరాట దృశ్యాల ప్రమాణాల మండలి ఏర్పడింది. దానికి ఒక కార్యదర్శి, పదకొండు మంది సభ్యులు, ఎనభై నాలుగు పేజీల నియమావళి.

ఏడో నియమం: కత్తి పట్టే ప్రతి నటుడికీ సంపూర్ణమైన చూపు ఉన్నట్టు వైద్య ధ్రువపత్రం ఉండాలి. పదకొండో నియమం: అంధుల పాత్రలను అంధులే ధరించాలి, నూటికి నూరు శాతం అంధత్వం ఉన్నట్టు వైద్య ధ్రువపత్రం ఉండాలి. రెండు నియమాలూ పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. పుస్తకం మూస్తే ఒకదాన్నొకటి కావలించుకుంటాయి.

పదకొండో నియమం చదివి మా హీరో, తనకి దురదృష్టవశాత్తూ రెండు కళ్ళూ కనిపిస్తాయని చెప్పి, ఎంతో బాధతో ఆ సాయంత్రం విమానానికే వెళ్ళిపోయాడు. శశిధర్ రెండు రోజులు తలపట్టుకు కూర్చున్నాడు. మూడోరోజు గవరయ్య గారి దగ్గరికెళ్ళి హీరో మీరే అన్నాడు.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నిజమేనని తెలిశాక కత్తి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆయన భార్య గున్నమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, అరవయ్యో ఏట ఈ వేషాలేమిటని అడిగింది. అప్పుడు గవరయ్య గారు అన్నమాట నాకిప్పటికీ గుర్తుంది.

"పాతికేళ్ళనుండి నన్ను సూసినోళ్ళందరూ సెయ్యట్టుకుని రోడ్డు దాటిస్తన్నారు. నాను దాటాలో వద్దో ఎవులూ అడగరు. ఒక్కసారి నా కత్తి సూస్తే, ఆ సెయ్యి ఒగ్గేస్తారు కదేటి."

గున్నమ్మ చాట కింద పెట్టి సరేనంది.

నేను మండలి ఆఫీసుకి వెళ్ళాను. కార్యదర్శి పేరు నందివాడ పురుషోత్తం. మనిషి చెడ్డవాడు కాదు, మజ్జిగ తెప్పించాడు. కాని ఆయన మాట్లాడితే నోట్లో ఎవరో టైపు కొడుతున్నట్టు ఉండేది. ఏడో నియమం ప్రకారం మా కొత్త హీరో కత్తి పట్టడానికి వీల్లేదు, పదకొండో నియమం ప్రకారం ఆయన తప్ప వేరెవరూ ఆ వేషం కట్టడానికి వీల్లేదు, మరి మేమేం చెయ్యాలని అడిగాను.

"ఇందులో వైరుధ్యం ఏమీ లేదు, మూర్తి గారూ," అన్నాడు పురుషోత్తం. "నియమాలు రెండు. ధ్రువపత్రాలు రెండు. తమరు రెండింటినీ యథావిధిగా జతపరచిన పక్షంలో మండలికి ఎటువంటి అభ్యంతరమూ ఉండజాలదు."

ఒకే మనిషికి రెండూ ఎలా వస్తాయని అడిగితే, అది వైద్యశాఖ పరిధిలోని అంశమనీ, ఇతర శాఖల పరిధిలో జోక్యం చేసుకోవడం మండలి సంప్రదాయం కాదనీ చెప్పాడు. మిలటరీ వాళ్ళిచ్చిన అంధత్వ పత్రం చూపించాను. అది యుద్ధ ప్రయోజనార్థం జారీ చేసినదట. మాకు కావలసినది వినోద ప్రయోజనార్థం.

వైద్య పరీక్షల కేంద్రంలో ఆ వారం బస్సు డ్రైవర్లకి కళ్ళ పరీక్షలు. వరండాలో బెంచీ మీద గవరయ్య గారూ నేనూ మూడు గంటలు కూర్చున్నాం. మొదటి గదిలో డాక్టరు సుగుణశీల గారు అంధత్వ పరీక్ష చేశారు. గోడ మీద అక్షరాల అట్ట చూపించి ఏం కనిపిస్తోందని అడిగారు. ఏ గోడ అని గవరయ్య గారు అడిగారు. టార్చి వేశారు, పరికరం పెట్టి చూశారు, నూటికి నూరు శాతం అని రాసి ముద్ర కొట్టారు.

తరవాత చూపు పరీక్షకి పక్క గదిలోకి వెళ్ళమన్నారు. మేం వెళ్ళాం. ఆవిడ కూడా వచ్చి కూర్చున్నారు. అట్ట ఒకటే, దాన్నీ ఇటు తెచ్చి తగిలించారు. కుదరదని రాయించుకుని, ఆ కాగితంతో మండలిని బతిమాలుకుందామని నా ఆలోచన. ఆవిడ చివరి వరుస చదవమన్నారు. గవరయ్య గారు అటెన్షన్‌లో నిలబడి, "ఠ, ఘ, థ, ఢ, ఫ," అని గడగడా చెప్పేశారు.

డాక్టరు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది.

పొద్దున్నుంచి నలభై మంది డ్రైవర్లు ఇదే వరుస పైకి చదువుతుంటే విన్నానని ఆయన వినయంగా చెప్పారు. "రెండో అచ్చరం అరిగిపోనాది లాగుందమ్మా, అందరూ అక్కడే ఆగతన్నారు," అని కూడా అన్నారు.

సుగుణశీల గారు లేచి వెళ్ళి అట్ట చూశారు. నిజంగానే రెండో అక్షరం సగం చెరిగిపోయింది. తిరిగొచ్చి కూర్చుని ఫారం అటూ ఇటూ తిప్పారు. చివరి వరుస తప్పు లేకుండా చెప్పెనా, అవును, కాదు: అంతవరకే ఉంది. ఎలా చెప్పాడో రాయడానికి గడి లేదు. గడి లేనిది రాస్తే కాగితం వెనక్కొస్తుందనీ, తన సర్వీసులో అలా పదిహేడు సార్లు వచ్చాయనీ చెప్పి, ఒక నిట్టూర్పు విడిచి, అవును దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశారు.

ఆ విధంగా ఒకే రోజున, ఒకే డాక్టరు సంతకంతో, పతివాడ గవరయ్య గారికి చూపు సంపూర్ణంగా ఉన్నట్టూ, సంపూర్ణంగా లేనట్టూ తేలింది. పురుషోత్తం రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి, నెంబర్లు సరిపోయాయని సంతోషించాడు. షూటింగు మొదలైంది.

మొదటి పది రోజులూ పండగలా గడిచాయి. గవరయ్య గారికి నటన రాదు. రాకపోవడమే బాగుంది. దొంగ ఎక్కడ దాక్కున్నా ఆయన తల అటే తిరిగేది. దాక్కున్న నటుడికి నిజంగానే వణుకు పుట్టేది. కెమెరామన్ లెన్సు మారిస్తే కూడా గుర్తుపట్టి, ఈసారి మొహం దగ్గరగా తీస్తున్నావా నాయినా అని అడిగేవారు.

ఈలోగా చూపున్నట్టు ఇచ్చిన కాగితం కంప్యూటర్లోకి ఎక్కి ఊరేగింది. ముందుగా సంక్షేమ శాఖ నుంచి ఇద్దరు మనుషులు గవరయ్య గారింటికి వచ్చారు. చూపు తిరిగి వచ్చిన సందర్భంగా శాఖాపరమైన అభినందనలు తెలిపి, ఆయనకిచ్చిన తెల్లకర్ర, టైము చెప్పే గడియారం వెనక్కి ఇమ్మన్నారు. రసీదు మీద సంతకం ఎక్కడ పెట్టాలని ఆయన అడిగితే, ఆయన వేలు పట్టుకుని ఆ చోటు మీద పెట్టారు. అలా ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. గున్నమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపి, పెరట్లో జామకొమ్మ నరికి కర్ర చేసి ఇచ్చింది.

ఆ తరవాత పద్నాలుగో నియమం కింద మాకొక ఉత్తరం వచ్చింది. ప్రతి కత్తిపోరునీ ఒక భద్రతా వీక్షకుడు కళ్ళారా చూసి సంతకం చెయ్యాలి. ఆ వీక్షకుడికి వినోద ప్రయోజనార్థం జారీ అయిన సంపూర్ణ దృష్టి పత్రం ఉండాలి. ఫైటర్ల పత్రాలు వేరే జిల్లాలో జారీ అయినవి కనుక, అటువంటి పత్రం ఈ జిల్లా మొత్తం మీద ఒక్కరికే ఉన్నట్టు రికార్డుల్లో తేలినందున, పతివాడ గవరయ్య గారిని వీక్షకుడిగా నియమించడమైనది.

అలా ఆయనకి ఎర్రజెండా, కుర్చీ వచ్చాయి. తన పోరాటం ఉన్నప్పుడు కుర్చీలోంచి లేచి వెళ్ళి కొట్టి, వచ్చి కూర్చుని, 'నేను కళ్ళారా చూచితిని' అన్నచోట సంతకం చేసేవారు. మొదటిసారి పెన్ను పట్టుకుని ఆగారు. అబద్ధం రాయమంటున్నావా బావూ అని నన్నడిగారు. నేను ఫారం ఆయన ముందుకి జరిపాను. ఆయన సంతకం చేశారు గాని, ఆ పూట భోజనం సగంలో లేచిపోయారు.

చివరి పోరాటం మూతపడ్డ ఒక గోనెల మిల్లులో. పన్నెండు మంది ఫైటర్లు, ఒక సుబేదారు. దీన్ని స్వయంగా తనిఖీ చెయ్యడానికి పురుషోత్తం వచ్చాడు. వస్తూనే పంతొమ్మిదో నియమం తీశాడు. పోరాట దృశ్యంలో ఇరుపక్షాల మధ్య ఇంద్రియపరమైన అసమానత ఉండరాదు. పన్నెండు మంది చూపున్నవాళ్ళు ఒక అంధుణ్ణి ఎదుర్కోవడం ఆయన దృష్టిలో తీవ్రమైన అసమానత. అంచేత పన్నెండు మందికీ కళ్ళకి గంతలు కట్టాలి.

మా ఫైట్ మాస్టరు చేతులు జోడించాడు. కత్తులు అల్యూమినియంవే, పదును లేనివే. అయినా తగిలితే ఎముక విరుగుతుంది. గవరయ్య గారి వల్ల ఎవరికీ ప్రమాదం లేదనీ, ప్రమాదమంతా గంతలు కట్టుకున్న ఈ పన్నెండు మందితోనేననీ నచ్చజెప్పబోయాడు. పురుషోత్తం ఒప్పుకోలేదు. పైగా అనుభవపూర్వక తనిఖీ కోసమని తాను కూడా గంత కట్టించుకుని, మిల్లు మధ్యలో, పన్నెండు మంది నడుమ నిలబడ్డాడు. మిషన్ల అరుగుల మధ్య శబ్దం ఎలా వినబడుతుందో పరీక్షించడానికి, మమ్మల్ని ఎవరినీ అడక్కుండా, రెండు చేతులూ ఎత్తి గట్టిగా ఒకసారి చప్పట్లు చరిచాడు.

గంతల వెనకున్న పన్నెండు మందికీ అది క్లాపు కొట్టిన చప్పుడులా వినిపించింది.

ఆ తరవాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పన్నెండు కత్తులు ఒకేసారి లేచాయి. శశిధర్ ఆపమని అరిచాడు, ఆ అరుపు డైలాగేమో అనుకుని వాళ్ళు ఇంకా జోరు పెంచారు. ఒకడు ఇనుప స్తంభాన్ని నరుకుతున్నాడు. ఇద్దరు ఒకరినొకరు వదలడం లేదు. మధ్యలో పురుషోత్తం గంత ముడి విప్పుకోలేక గుండ్రంగా తిరుగుతున్నాడు.

వీక్షకుడి కుర్చీ ఖాళీ అవడం నేను చూశాను. గవరయ్య గారు జెండా పారేసి, కత్తి అందుకుని, తల కొంచెం వంచి, నడుస్తూనే లోపలికి వెళ్ళారు. పరిగెత్తలేదు. దారిలో ఒకడి మణికట్టు మీద దెబ్బ, కత్తి కింద పడింది. ఇంకొకడి కత్తిని తన కత్తితో పక్కకి తోసి, వాణ్ణి భుజం పట్టి నేల మీద కూర్చోబెట్టారు. పురుషోత్తం తల మీదికి దిగుతున్న కత్తిని ఆపినప్పుడు వచ్చిన చప్పుడు మిల్లంతా మోగింది. ఎడమ చేత్తో ఆయన్ని తన వెనక్కి లాక్కుని, మిలటరీ గొంతుతో ఒక్క కేక పెట్టారు. "రుక్."

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పురుషోత్తానికి ఒక చొక్కా బొత్తాం తప్ప ఏమీ పోలేదు. గంత విప్పాక గవరయ్య గారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ పది నిముషాలూ ఆయన మామూలు మనిషిలా ఉన్నాడు.

ఆఫీసుకి వెళ్ళాక మళ్ళీ కార్యదర్శి అయిపోయాడు. మూడో రోజున నివేదిక వచ్చింది. పన్నెండు కత్తుల నడుమ నుంచి ఒక అధికారిని క్షేమంగా బయటికి తీసుకురావడం చూపున్న వ్యక్తికి మాత్రమే సాధ్యమనీ, కనుక గవరయ్య అంధుడు కాడనీ, పదకొండో నియమాన్ని ఉల్లంఘించి అంధుడి వేషం ధరించాడనీ అందులో ఉంది. ఒకవేళ అంధుడే అయితే, ఏడో నియమం ప్రకారం కత్తి పట్టే అర్హత లేనివాడు చేసిన ఆ రక్షణ చెల్లనేరదనీ ఉంది. రక్షణ చెల్లకపోతే పురుషోత్తం గారి పరిస్థితి ఏమిటో రాయలేదు. షూటింగు ఆపేశారు.

విచారణ రోజున పదకొండు మంది సభ్యులూ కమాను బల్ల చుట్టూ కూర్చున్నారు. గవరయ్య గారు ఇస్త్రీ చొక్కా మీద పతకాలు పెట్టుకుని వచ్చారు, చేతిలో జామకర్ర. పక్కన గున్నమ్మ. తెర మీద చూసుకోవడం ఎలాగూ లేదు, తాలింఖానా కూడా నాతోనే పోతుంది కాబోలు అని దారిలో ఆటోలో అన్నారు. నాకు ఆయన వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

చర్చ గంటసేపు సాగింది. చివరికి అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన, మీకు చూపు ఉన్నదా, లేదా, ఒక్క మాటలో చెప్పండి అన్నాడు.

గవరయ్య గారు లేచి నిలబడ్డారు.

"ఆ కొండ మీద గుండు పేలినప్పుడు నా పక్కన ఇద్దరు పడిపోనారు బావూ. నాకేటీ కనపడలేదు. మూలుగు ఇని, పాక్కుంటెల్లి, ఇద్దర్నీ కిందకి ఈడ్సుకొచ్చాను. అప్పుడు నన్నెవులూ కాయితం అడగలేదు. మొన్న మిల్లులో కూడా నానదే సేసాను. మీరు రెండు కాయితాలిచ్చారు. అందులో ఒకటి అబద్దం. అది నా సేత సంతకాలు కూడా పెట్టించింది. ఏది అబద్దమో మీరే తీసీసుకోండి."

రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి కూర్చున్నారు. పురుషోత్తం తల వంచుకుని ఫైలు దారం సర్దుకుంటున్నాడు.

సభ్యులు వాటి చుట్టూ మూగారు. అంధత్వ పత్రాన్ని రద్దు చేస్తే పరీక్షించిన డాక్టరు తప్పవుతుంది. చూపు పత్రాన్ని రద్దు చేస్తే, ఆయన్ని వీక్షకుడిగా వేసిన మండలి తప్పవుతుంది. రెండు గంటలు ఆలోచించి, రెండు పత్రాల్నీ సమన్వయం నిమిత్తం మండలి వద్దే ఉంచుకోవాలనీ, తుది నిర్ణయం వెలువడే వరకు సదరు గవరయ్యని చూపు ఉన్నవాడిగా గాని, లేనివాడిగా గాని పరిగణించరాదనీ తీర్మానించారు.

ఆ తీర్మానం నకలు పట్టుకుని నేను మెట్ల మీదే కూలబడ్డాను. అక్కడే దాన్ని రెండోసారి చదివాను, నియమావళి తీసి మూడోసారి చదివాను. ఏడో నియమం చూపు లేనివాణ్ణి కత్తి పట్టవద్దంటుంది. పదకొండో నియమం చూపున్నవాణ్ణి వేషం కట్టవద్దంటుంది. రెండూ కానివాడి గురించి ఎనభై నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు.

పైకి వెళ్ళి పురుషోత్తానికి చూపించాను. ఆయన చాలాసేపు చదివి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మూర్తి గారూ, తుది నిర్ణయానికి నేను తొందరపడను. మీరు మాత్రం తొందరగా తీసెయ్యండి," అన్నాడు. ఆ మాట టైపు కొట్టినట్టు లేదు.

ఎవరి కళ్ళకీ గంతలు కట్టకుండా మిల్లు పోరాటం తీశాం. మొత్తం తొమ్మిది రోజుల్లో సినిమా పూర్తయింది. ఫైలు ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

విజయనగరంలో విడుదల రోజు మాట్నీకి గవరయ్య గారినీ గున్నమ్మనీ తీసుకెళ్ళాను. హాలు నిండిపోయింది. స్టేషన్లో అందరూ మెట్ల మీంచి పడ్డామని చెప్పే చోట జనం కుర్చీల్లోంచి లేచి నవ్వారు. తెర మీద కత్తుల చప్పుడు వినగానే మాత్రం ఆయన మొహం చిట్లించారు. ఆ చప్పుడు స్టూడియోలో ఎవరో గరిటెలతో చేశారు. ఆ దెబ్బ నాది కాదని పక్కసీటాయనకి కూడా చెప్పారు. గున్నమ్మ ఆయన చెవిలో అంతా చెబుతూనే ఉంది, ఇప్పుడు గోడ దూకావు, ఇప్పుడు వాడు పారిపోతున్నాడు అని.

మిల్లు పోరాటం వచ్చింది. ఈలలతో ఇంకేమీ వినబడలేదు. గవరయ్య గారు ఆమె వైపు వంగి, "ఎలాగున్నాను?" అని అడిగారు.

గున్నమ్మ తెర వంక చూస్తూనే, "ముసిలోడివైపోనావు," అంది. "జుట్టంతా తెల్లబడిపోనాది."

ఆయన చేత్తో తల తడుముకున్నారు. కళ్ళు పోయేనాటికి ఆయనకి ముప్ఫై అయిదేళ్ళు. "ఎప్పట్నుండి?" అన్నారు.

"పదేళ్ళై ఉంటాది. నువ్వు అడగలేదు, నాను సెప్పలేదు."

చుట్టూ జనం లేచి నిలబడి అరుస్తున్నారు. గవరయ్య గారు జుట్టు మీంచి చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే కూర్చున్నారు.

"మరి కత్తి?"

"కత్తి బాగా తిరిగింది," అంది గున్నమ్మ.

"అలగైతే పరవానేదు," అని ఆయన మళ్ళీ తెర వైపు తిరిగి కూర్చున్నారు.